పంచాంగం మీరే చూసుకోవడం ఎలా

మా పిన్ని వాళ్ళు ఇల్లు కట్టుకున్నప్పుడు గృహప్రవేశం "గురువారం తె. 4.10" అని ఫోన్‌లో చెప్పారు. మా తాతయ్య జీవితమంతా పంచాంగం చూసిన మనిషి. పంచాంగంలో గురువారం అంటే గురువారం సూర్యోదయంతో మొదలై శుక్రవారం సూర్యోదయం దాకా ఉంటుంది. కాబట్టి గురువారం తెల్లవారుజాము అంటే గురువారం రాత్రి గడిచి వచ్చే తెల్లవారుజామే అని ఆయన లెక్క. పిన్ని వాళ్ళు మాత్రం గడియారం లెక్కలో చెప్పారు. మేము గురువారం సాయంత్రం చేరేసరికి పాలు పొంగించడం ఆ రోజు తెల్లవారకముందే అయిపోయింది. పిన్ని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తాతయ్య లెక్కా తప్పు కాదు, వాళ్ళ లెక్కా తప్పు కాదు. రెండూ వేర్వేరు రోజులు, అంతే.

అందుకే మన పెళ్ళి కార్డుల మీద "శుక్రవారం రాత్రి తె. 3.12 గంటలకు (తెల్లవారితే శనివారం)" అని వేస్తారు. బ్రాకెట్‌లోని ఆ రెండు మాటలు ఎందుకున్నాయో తెలిసిందంటే పంచాంగంలో సగం మీకు వచ్చినట్టే. మిగిలిన సగం ఇక్కడ చెబుతాను. దీనికి జ్యోతిషం చదవక్కర్లేదు. కూడికలు, తీసివేతలు, భాగహారం వస్తే చాలు.

మొదట మీ ఊరి సూర్యోదయం రాసుకోండి

పంచాంగంలో ఏ పని చేయాలన్నా సూర్యోదయం నుంచే మొదలుపెట్టాలి. అర్ధరాత్రి 12 గంటలకు తారీఖు మారుతుంది, వారం మారదు. రాత్రి రెండు గంటలకు కూడా ఇంకా నిన్నటి వారమే నడుస్తుంటుంది.

ఆ సూర్యోదయం కూడా మీ ఊరిదై ఉండాలి. విశాఖపట్నంలో పొడిచిన సూర్యుడు అనంతపురంలో కనబడటానికి దాదాపు ఇరవై నిమిషాలు పడుతుంది. హైదరాబాదులో జూన్‌లో ఉదయం 5.40 ప్రాంతంలో తెల్లవారితే, డిసెంబరు చివరికి అది 6.40 దాటుతుంది. గోడ క్యాలెండర్‌లో ఎక్కడో ఒక మూల ఏ ఊరికి గణించారో రాసి ఉంటుంది, ముందు అది చూడండి. ఫోన్‌లో యాప్ వాడితే సెట్టింగ్స్‌లో ఊరి పేరు సరిగ్గా ఉందో లేదో చూడండి. ఊరు మారినా యాప్‌లో పాత ఊరే ఉండిపోవడం చాలామందికి జరిగే పొరపాటు.

పూజలో పురోహితుడు చెప్పించే సంకల్పం గుర్తుందా? అందులో సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం చెప్పే ముందు "శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే" అంటూ మనం ఎక్కడ కూర్చున్నామో చెప్పిస్తారు. విజయవాడ వాళ్ళకు ఈశాన్యం, మరో ఊరి వాళ్ళకు మరో దిక్కు. కాలం చెప్పాలంటే ముందు చోటు చెప్పాలన్న సంగతి మన పెద్దలకు ఎంత బాగా తెలుసో నాకు ఆ మాట విన్న ప్రతిసారీ అనిపిస్తుంది.

పొడి అక్షరాలు చదవడం నేర్చుకోండి

పంచాంగం అంటే ఐదు అంగాలు: తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం. వీటిని క్యాలెండర్‌లో చిన్న గడిలో ఇరికించాలి కాబట్టి పొడి అక్షరాల్లో వేస్తారు. వైశాఖ మాసంలో ఒక శుక్రవారం ఇలా ఉందనుకుందాం. ఇది నేను అభ్యాసం కోసం రాసిన నమూనా.

"శు. సప్తమి రా. 9.12, పుష్యమి ఉ. 7.35 తదుపరి ఆశ్లేష, వృద్ధి రా. 12.50, గరజి ఉ. 9.26, వణిజ రా. 9.12, వర్జ్యం రా. 8.23 ల 9.59."

శు. అంటే శుద్ధ, అంటే అమావాస్య తర్వాత చంద్రుడు పెరిగే పక్షం. బ. అంటే బహుళ, తరిగే పక్షం. ఉ., ప., సా., రా., తె. అంటే ఉదయం, పగలు, సాయంత్రం, రాత్రి, తెల్లవారుజాము. వర్జ్యం దగ్గరున్న "ల" అంటే లగాయతు, "నుంచి" అని అర్థం. ఎక్కడైనా తిథి పక్కన గంటలు లేకుండా "పూర్తి" అని ఉంటే ఆ తిథి మర్నాడు సూర్యోదయం దాటి కూడా ఉంటుందని. "శేషవర్జ్యం" అని కనబడితే ముందురోజు మొదలైన వర్జ్యంలో ఇంకా మిగిలిన భాగమని.

ఇక్కడ ఒక్క సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. తిథి, నక్షత్రం పక్కన వేసేది అవి ముగిసే సమయం. "సప్తమి రా. 9.12" అంటే రాత్రి 9.12కు సప్తమి వస్తుందని కాదు, అప్పటితో అయిపోతుందని. కొత్తగా చూసేవాళ్ళు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. వర్జ్యం, దుర్ముహూర్తం (ఈ రెండూ మంచి పనికి వదిలేయాల్సిన వేళలు), అమృతఘడియలకు (ఇవి మంచి వేళలు) మాత్రం మొదలు, ముగింపు రెండూ వేస్తారు.

తిథి: దీని మీద కాస్త ఎక్కువ సమయం పెట్టండి

అమావాస్య నాడు సూర్యుడు, చంద్రుడు ఒకే చోట ఉంటారు. అక్కడి నుంచి చంద్రుడు సూర్యుణ్ణి వదిలి 12 డిగ్రీలు ముందుకు వెళ్ళేంత కాలం ఒక తిథి. మొత్తం 360 డిగ్రీలకు 30 తిథులు. చంద్రుడి వేగం ఎప్పుడూ ఒకేలా ఉండదు. అందుకే ఒక తిథి సుమారు 20 గంటలకే ముగియవచ్చు, మరొకటి 26 గంటలు దాటవచ్చు. 24 గంటల రోజుకూ తిథికీ పొంతన కుదరకపోవడానికి కారణం ఇదే.

మరి ఆ రోజు ఏ తిథి అని చెప్పాలి? సూర్యోదయానికి ఏది ఉంటే అదే. మన నమూనా శుక్రవారం రాత్రి 9.12 తర్వాత అష్టమి వచ్చేసినా ఆ రోజు సప్తమే. ఒక తిథి రెండు సూర్యోదయాలను తాకితే వరుసగా రెండు రోజులూ అదే తిథి. ఒక సూర్యోదయం తర్వాత మొదలై మరో సూర్యోదయం లోపే ముగిసిపోతే అది క్షయ తిథి. క్యాలెండర్‌లో దానికంటూ ఒక రోజు ఉండదు.

2026 ఉగాది దీనికి చక్కని ఉదాహరణ. మార్చి 19 ఉదయం సుమారు 6.52 దాకా అమావాస్య ఉంది. అప్పటికే తెలుగు ఊళ్ళన్నిటిలో సూర్యుడు పొడిచేశాడు. 6.52కు మొదలైన చైత్ర శుద్ధ పాడ్యమి 20వ తేదీ తెల్లవారుజామున 4.52 ప్రాంతంలోనే ముగిసింది. అంటే పాడ్యమి ఏ సూర్యోదయాన్నీ తాకలేదు. అయినా పరాభవ నామ సంవత్సర ఉగాదిని 19నే చేసుకున్నాం. పాడ్యమి సూర్యోదయానికి దొరకనప్పుడు అది మొదలైన రోజునే తీసుకోవాలని నియమం ఉంది. "పొద్దున అమావాస్య ఉండగా ఉగాది ఏమిటి" అని అడిగినవాళ్ళకు ఇదే జవాబు.

పండుగల విషయంలో సూర్యోదయం ఒక్కటే చూస్తే సరిపోదు. ఆ పండుగ చేసుకునే వేళకు తిథి ఉండాలి. వినాయక చవితికి, శ్రీరామనవమికి మధ్యాహ్నం. శివరాత్రికి అర్ధరాత్రి. దీపావళికి పొద్దుగూకే వేళ, అంటే ప్రదోషం. తద్దినానికి అపరాహ్ణం. పగటిని ఐదు భాగాలు చేస్తే నాలుగోది అపరాహ్ణం. 2024లో అమావాస్య అక్టోబరు 31 మధ్యాహ్నం 3.52కు వచ్చి నవంబరు 1 సాయంత్రం 6.16కు వెళ్ళింది. 31 నాటి సూర్యోదయానికి అమావాస్య లేదు. అయినా దీపాలు పెట్టే వేళ నుంచి రాత్రంతా అమావాస్య ఉన్నది ఆ రోజే కాబట్టి తెలుగు రాష్ట్రాల్లో 31నే దీపావళి చేశారు. ఇక పండుగ తేదీ మీద సందేహం వచ్చిన ప్రతిసారీ ఈ ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ పండుగ ఏ వేళది?

మంచి పనికి విదియ, తదియ, పంచమి, సప్తమి, దశమి, ఏకాదశి, త్రయోదశి తీసుకుంటారు. చవితి, నవమి, చతుర్దశిని రిక్త తిథులు అంటారు. వీటితోపాటు అష్టమి, అమావాస్యలను శుభకార్యాలకు వదిలేస్తారు.

తిథిని కంటితో కూడా పోల్చి చూసుకోవచ్చు. శుద్ధ విదియ, తదియల్లో పొద్దుగూకాక పడమట సన్నని నెలవంక కనబడుతుంది. సప్తమి, అష్టమిలో సాయంత్రానికే సగం చంద్రుడు నడినెత్తి దగ్గర ఉంటాడు, అర్ధరాత్రి ప్రాంతంలో అస్తమిస్తాడు. పున్నమి నాడు సూర్యుడు దిగే వేళకే తూర్పున వస్తాడు. బహుళ అష్టమికి అర్ధరాత్రి దాకా రాడు. పిల్లలకు తిథులు నేర్పాలంటే వల్లె వేయించే బదులు డాబా మీదకు తీసుకెళ్ళండి.

వారం

దీని గురించి చెప్పాల్సింది చాలావరకు పైనే అయిపోయింది. సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా ఒక వారం. ఆదివారం తర్వాత సోమవారమే ఎందుకు వస్తుందో మాత్రం తెలుసుకోదగ్గది. రోజుకు 24 హోరలు. వాటికి అధిపతులు శని, గురు, కుజ, రవి, శుక్ర, బుధ, చంద్ర అనే వరుసలో తిరుగుతుంటారు. ఆదివారం మొదటి హోర రవిది. అక్కడి నుంచి లెక్కపెట్టుకుంటూ వెళితే 25వ హోర, అంటే మర్నాడు సూర్యోదయం నాటిది, చంద్రుడిది అవుతుంది. అందుకే సోమవారం. కాగితం మీద వేసి చూడండి, ఏడు వారాలూ ఇలాగే వస్తాయి.

నక్షత్రం, మీ తారాబలం

చంద్రుడు ఆకాశంలో ఒక చుట్టు తిరగడానికి 27 రోజుల పైచిలుకు పడుతుంది. ఆ దారిని 27 భాగాలు చేస్తే ఒక్కొక్కటి 13 డిగ్రీల 20 నిమిషాలు. చంద్రుడు ఏ భాగంలో ఉంటే ఆ రోజు నక్షత్రం అదే. ఒక్కో నక్షత్రానికి నాలుగు పాదాలు, తొమ్మిది పాదాలు కలిస్తే ఒక రాశి.

రైతులు చెప్పుకునే కార్తె వేరు. అది సూర్యుడున్న నక్షత్రం. సూర్యుడు నెమ్మదిగా కదులుతాడు కాబట్టి ఒక్కో కార్తె 13, 14 రోజులు ఉంటుంది. మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె వస్తుంది. రోళ్ళు పగిలే ఎండలని అనుకునేది ఆ రోజుల గురించే. జూన్ మొదటి వారం చివర్లో మృగశిర కార్తె వస్తుంది, తొలకరి కోసం ఎదురుచూపు మొదలవుతుంది. క్యాలెండర్‌లో "రోహిణి" అని కనబడితే అది చంద్రుడిదా సూర్యుడిదా చూసుకోండి.

నక్షత్రంతో మీకు రోజూ పనికొచ్చే లెక్క తారాబలం. మీ జన్మ నక్షత్రాన్ని ఒకటిగా పెట్టుకుని ఆ రోజు నక్షత్రం దాకా లెక్కపెట్టండి. తొమ్మిది దాటితే తొమ్మిది తీసేయండి, ఇంకా దాటితే మళ్ళీ తీసేయండి. మిగిలిన అంకెకు పేరుంది: 1 జన్మ, 2 సంపత్, 3 విపత్, 4 క్షేమ, 5 ప్రత్యక్, 6 సాధన, 7 నైధన, 8 మిత్ర, 9 పరమమిత్ర. 2, 4, 6, 8, 9 మంచివి. 3, 5, 7 వదిలేయాలి. జన్మతారను కూడా చాలా పనులకు తీసుకోరు.

మన నమూనా రోజున పుష్యమి. మీది మృగశిర అనుకోండి: మృగశిర, ఆర్ద్ర, పునర్వసు, పుష్యమి. నాలుగు, క్షేమతార, బాగుంది. మీ భార్యది రోహిణి అనుకోండి: రోహిణి నుంచి పుష్యమి ఐదోది, ప్రత్యక్ తార. ఇద్దరూ కలిసి చేసే పనైతే వేరే రోజు చూసుకోవాలి. దీనితో పాటు చంద్రబలం కూడా చూస్తారు. మీ జన్మరాశి నుంచి చంద్రుడున్న రాశి ఎనిమిదోది కాకూడదు. పుష్యమి కర్కాటకంలో ఉంటుంది కాబట్టి ధనుస్సు రాశి వాళ్ళకు ఆ రోజు అష్టమ చంద్రుడు.

యోగం, కరణం

ఈ రెండింటి మీద ఎక్కువసేపు ఉండక్కర్లేదు. సూర్యుడి స్థానాన్నీ చంద్రుడి స్థానాన్నీ కూడితే వచ్చే మొత్తాన్ని 27 భాగాలు చేసినవి యోగాలు. వీటిలో వ్యతీపాతం, వైధృతి ఉన్నప్పుడు శుభకార్యాలు చేయరు. తిథిలో సగం కరణం. బవ, బాలవ, కౌలవ, తైతుల, గరజి, వణిజ, విష్టి అనే ఏడూ నెలలో ఎనిమిదేసి సార్లు తిరుగుతాయి. మిగిలిన నాలుగు అమావాస్య పరిసరాల్లో ఒక్కొక్కసారే వస్తాయి. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది విష్టిని. దాన్నే భద్ర అంటారు, రాఖీ పున్నమి నాడు "భద్ర వెళ్ళాక కట్టాలి" అని చెప్పేది దీని గురించే. మన శుక్రవారం రాత్రి 9.12కు వణిజతో పాటే సప్తమీ ముగుస్తుంది, అక్కడి నుంచి భద్ర.

వదిలేయాల్సిన వేళలు లెక్కగట్టండి

చాలామంది క్యాలెండర్ తీసేది దీని కోసమే. శుక్రవారం రాహుకాలం 10.30 నుంచి 12 అని బట్టీ పట్టి ఉంటారు. ఆ అంకెలు సూర్యుడు 6కు పొడిచి 6కు అస్తమించే రోజుకే సరిపోతాయి. అసలు పద్ధతి ఇది.

సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా ఎన్ని నిమిషాలో చూడండి. మన రోజున ఉదయం 5.45, సాయంత్రం 6.45 అనుకుందాం. 13 గంటలు, అంటే 780 నిమిషాలు. రాహుకాలానికి దీన్ని 8తో భాగించండి, ఒక్కో భాగం తొంభై ఏడున్నర నిమిషాలు. సోమవారానికి రెండో భాగం, శనికి మూడోది, శుక్రవారానికి నాలుగోది, బుధవారానికి ఐదోది, గురువారానికి ఆరోది, మంగళవారానికి ఏడోది, ఆదివారానికి ఎనిమిదోది. సో-శ-శు-బు-గు-మం-ఆ అని నోటికి రానిస్తే చాలు. శుక్రవారం నాలుగో భాగం కాబట్టి 10.37 నుంచి 12.15 దాకా. యమగండం ఇంకా తేలిక. గురువారానికి మొదటి భాగం, అక్కడి నుంచి వారాలను వెనక్కి లెక్కపెట్టాలి: బుధవారానికి రెండోది, మంగళవారానికి మూడోది, అలా శుక్రవారానికి ఏడోది. మన రోజున 3.30 నుంచి 5.07.

దుర్ముహూర్తానికి అదే 780ని 15తో భాగించండి. 52 నిమిషాలు ఒక ముహూర్తం. ఆదివారానికి 14వది, సోమవారానికి 9, 12, మంగళవారానికి పగలు 4వది, రాత్రిలో 7వది, బుధవారానికి 8వది, గురువారానికి 6, 12, శుక్రవారానికి 4, 9, శనివారానికి మొదటి రెండూ. రాత్రి దానికి రాత్రి నిడివిని 15 భాగాలు చేయాలి. మన శుక్రవారం 8.21 నుంచి 9.13, మళ్ళీ 12.41 నుంచి 1.33.

వర్జ్యం సూర్యుణ్ణి బట్టి కాదు, నక్షత్రాన్ని బట్టి వస్తుంది. నక్షత్రం మొత్తం కాలాన్ని 60 ఘడియలు అనుకుంటే, ఒక్కో నక్షత్రంలో ఒక్కో చోట మొదలై నాలుగు ఘడియలు ఉంటుంది. అశ్వినిలో 50 ఘడియల తర్వాత, రోహిణిలో 40 తర్వాత, ఆశ్లేషలో 32 తర్వాత. ఘడియ అంటే 24 నిమిషాలు. ఉదయం 7.35కు ఆశ్లేష మొదలైంది, అది సరిగ్గా 24 గంటలు ఉందనుకుంటే 32 ఘడియలు అంటే 12 గంటల 48 నిమిషాలు. రాత్రి 8.23కు వర్జ్యం మొదలై 96 నిమిషాల తర్వాత 9.59కి ముగుస్తుంది. నక్షత్రం నిడివి పెరిగితే ఇవీ అదే దామాషాలో పెరుగుతాయి. ఈ లెక్క ఒక్కసారి మీరే చేసి క్యాలెండర్‌తో పోల్చుకోండి, ఆ అంకెలు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలిస్తే భయం పోతుంది.

తెలుగు పురోహితుల్లో చాలామంది వర్జ్యానికి, దుర్ముహూర్తానికే ఎక్కువ పట్టింపు చూపిస్తారు. రాహుకాలం పట్టింపు తమిళనాట బలంగా ఉంది, క్యాలెండర్ల ద్వారా మన ఇళ్ళకూ వచ్చింది. మీ ఇంటి ఆచారం ఏదో అది పాటించండి. అన్నీ పాటించాలని కూర్చుంటే రోజులో పని చేసుకునే వేళే మిగలదు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఛాతీలో నొప్పి వస్తే, పురిటి నొప్పులు మొదలైతే, డాక్టర్ వెంటనే ఆపరేషన్ చేయాలంటే పంచాంగం తెరవకండి. వర్జ్యం వెళ్ళేదాకా ఆగుదామని ఇంట్లో ఎవరైనా అంటే మీరు ఒప్పుకోకండి. మంచిరోజు చూసుకోవడం మనం ఆగగలిగిన పనులకే.

అన్నీ కలిపి ఒక వేళ ఎంచుకోండి

మన శుక్రవారం చిన్న షాపు తెరవాలనుకుంటున్నారు. తిథి సప్తమి, మంచిదే. దుర్ముహూర్తాలు, రాహుకాలం, యమగండం తీసేస్తే 5.45 నుంచి 8.21, 9.13 నుంచి 10.37, 12.15 నుంచి 12.41, 1.33 నుంచి 3.30, 5.07 నుంచి 6.45 మిగులుతాయి. చూడగానే 9.13 బాగుందనిపిస్తుంది, చుట్టాలు కూడా ఆ వేళకు వస్తారు. కానీ 7.35కే పుష్యమి వెళ్ళిపోయింది. ఆశ్లేషలో శుభకార్యం మొదలుపెట్టరు. కాబట్టి నిజంగా పనికొచ్చేది 5.45 నుంచి 7.35 లోపు. పుష్యమి ఇలాంటి పనులకు ఎంతో మంచి నక్షత్రం, పొద్దున్నే లేస్తే చాలు. ఈ వరుస మర్చిపోకండి: ముందు తిథి, తర్వాత నక్షత్రం, తర్వాత తారాబలం, చివర్లో గడియారం. చాలామంది గడియారంతో మొదలుపెడతారు.

ఏ వేళా కుదరకపోతే పగలు సరిగ్గా మధ్యలో వచ్చే ఎనిమిదో ముహూర్తం, అభిజిత్తు, తీసుకుంటారు. బుధవారం మాత్రం అదే దుర్ముహూర్తం కాబట్టి పనికిరాదు.

పెళ్ళి, ఉపనయనం, గృహప్రవేశం లాంటివాటికి ఈ లెక్క సరిపోదు. లగ్నం, అంటే ఆ వేళకు తూర్పున ఉదయించే రాశి, చూడాలి. సుమారు రెండు గంటలకొకటి చొప్పున రోజుకు పన్నెండు లగ్నాలు మారతాయి, అందులో గ్రహాలు ఎక్కడున్నాయో చూడాలి. దానికి పురోహితుణ్ణే అడగండి. మీరు చేయగలిగింది ముందుగా నెలను వడపోయడం. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు. గురువు గానీ శుక్రుడు గానీ సూర్యుడికి దగ్గరై కనబడకుండా పోయే రోజులు మూఢం. రవి సంక్రమణం, అంటే సూర్యుడు ఒక రాశి నుంచి మరో రాశికి మారడం, లేని చాంద్రమాసం అధికమాసం. చాంద్ర సంవత్సరం సౌర సంవత్సరం కంటే సుమారు 11 రోజులు తక్కువ కాబట్టి రెండున్నర మూడేళ్ళకోసారి ఇది వస్తుంది. 2023లో అధిక శ్రావణం వచ్చింది, 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. ఫంక్షన్ హాలుకు అడ్వాన్స్ కట్టే ముందు ఈ మూడూ చూసుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు. కార్డు మీద వేసిన సుముహూర్తం జీలకర్ర బెల్లం పెట్టే క్షణానిది, తాళి కట్టే క్షణానిది కాదు. ఫొటోగ్రాఫర్‌కు కూడా ఆ సంగతి ముందే చెప్పండి.

రెండు పంచాంగాలు రెండు మాటలు చెబితే

ఒక పంచాంగం సూర్యసిద్ధాంతం లాంటి పాత గణితంతో వేసి ఉంటుంది, మరొకటి ఇప్పుడు ఆకాశంలో కనబడే స్థానాలకు సరిపోయే దృక్ గణితంతో. ఒకే తిథి ముగింపులో రెండింటికీ కొన్ని గంటల తేడా రావచ్చు. దేశమంతటికీ ఒకే లెక్క కావాలని భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా అధ్యక్షతన 1952లో కమిటీ వేశారు. దాని సిఫార్సులతో 1957 మార్చి 22 నుంచి రాష్ట్రీయ పంచాంగం అమల్లోకి వచ్చింది. నా అభిప్రాయంలో దృక్ గణితమే సరైనది, గ్రహణం సరిగ్గా చెప్పే లెక్క తిథిని కూడా సరిగ్గా చెబుతుంది. అయితే మీ గుడి, మీ పురోహితుడు పాతపద్ధతి వాడితే ఒక కార్యానికి ఆ ఒక్కటే వాడండి. ఇందులో తిథి, అందులో వర్జ్యం తీసుకుని కలపకండి.

ఉత్తరాది బంధువుల క్యాలెండర్‌తోనూ తేడా వస్తుంది. మనకు అమావాస్యతో నెల ముగుస్తుంది, వాళ్ళకు పున్నమితో. మనం మాఘ బహుళ చతుర్దశి అనే శివరాత్రిని వాళ్ళు ఫాల్గుణ కృష్ణ చతుర్దశి అంటారు. రోజు ఒకటే, నెల పేరు మాత్రం వేరు.

విదేశాల్లో ఉంటే

హైదరాబాదు క్యాలెండర్‌లోని గంటలను న్యూయార్క్ గడియారంలో వాడకండి. తిథి ముగిసే క్షణం లోకమంతటికీ ఒక్కటే. దాన్ని మీ గడియారంలోకి మార్చుకుని, మీ సూర్యోదయంతో పోల్చుకోవాలి. 2026 ఉగాదినే చూడండి. మన దగ్గర ఉదయం 6.52 అంటే న్యూయార్క్‌లో ముందురోజు, మార్చి 18, రాత్రి 9.22. అక్కడ 19 ఉదయం సూర్యుడు పొడిచేసరికి పాడ్యమి హాయిగా నడుస్తోంది, సాయంత్రం 7.22 దాకా ఉంది. ఇక్కడ క్షయమైన తిథి అక్కడ మామూలు తిథి. రాహుకాలం, దుర్ముహూర్తం అయితే పూర్తిగా మీ ఊరి పగటితోనే లెక్కగట్టాలి. లండన్‌లో జూన్‌లో పగలు పదహారున్నర గంటలు, కాబట్టి రాహుకాలం రెండు గంటల పైనే. డిసెంబరులో గంట కూడా ఉండదు. కొన్ని యాప్‌లు అర్ధరాత్రి దాటిన వేళను 27.10 అని చూపిస్తాయి. అందులోంచి 24 తీసేస్తే మర్నాటి తేదీన తెల్లవారుజామున 3.10. తెల్లవారితే శనివారం అన్నది అక్కడ అంకెల్లో ఉందన్నమాట.

ఇంట్లో ఒక నోట్‌బుక్ పెట్టండి

బిడ్డ పుట్టినప్పుడు తారీఖు, గడియారం సమయం, ఊరు రాయండి. నక్షత్రం, పాదం ఎప్పుడైనా లెక్కగట్టుకోవచ్చు, పుట్టిన నిమిషాన్ని మాత్రం తర్వాత ఎవరూ తెచ్చివ్వలేరు. ఇంట్లో పెద్దవాళ్ళు పోయినప్పుడు కూడా అంతే. ఆ దుఃఖంలో ఎవరికీ గుర్తుండదు, కానీ ఆ సమయం, ఊరు, ఆ వేళకు నడుస్తున్న మాసం, పక్షం, తిథి ఎవరో ఒకరు కాగితం మీద పెట్టాలి. ఏటా తద్దినం ఆ తిథికే వస్తుంది, తారీఖుకు కాదు. మా తాతయ్య తిథి మా అమ్మ వంటింటి క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో రాసింది. క్యాలెండర్ మారినప్పుడల్లా దాన్ని కొత్తదాని వెనకకు మార్చి రాస్తుంది.